ఒకే టీకా, శిశువుల్లో వేర్వేరు ఫలితాలు: కారణాలేమిటి?

అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌కు ఇప్పుడు శ్రీ విజయపురం అని పేరు. అక్కడి ఆస్టినాబాద్‌లో పుట్టిన బిడ్డకైనా, శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన బిడ్డకైనా సార్వత్రిక టీకాల కార్యక్రమంలో ఒకే పట్టిక వర్తిస్తుంది. పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి ఇస్తారు. ఆరు, పది, పద్నాలుగు వారాలకు పెంటావాలెంట్, రోటావైరస్, పోలియో టీకాలు వేస్తారు. తొమ్మిది నెలలు నిండాక మీజిల్స్-రుబెల్లా టీకా ఇస్తారు. మందు ఒకటే, మోతాదూ ఒకటే. కానీ టీకా వేశాక ఒంట్లో ఏర్పడే రక్షణ మాత్రం పిల్లలందరిలో ఒకేలా ఉండదు. తల్లి ఆరోగ్యం, బిడ్డ పుట్టిన బరువు, పేగుల స్థితి, ఇంటి చుట్టూ పారిశుద్ధ్యం, టీకా అందిన సమయం ఇందులో పాత్ర వహిస్తాయి.

హైదరాబాద్ టీకా నేర్పిన పాఠం

పసిపిల్లల్లో తీవ్రమైన నీళ్ల విరేచనాలకు ముఖ్య కారణం రోటావైరస్. టీకా రాకముందు ఈ వైరస్ వల్ల మన దేశంలో ఏటా సుమారు 78 వేల మంది పిల్లలు మరణించేవారని అంచనా. దీన్ని అడ్డుకునే రోటావాక్ టీకాను హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారు చేసింది. ఢిల్లీ, పుణె, వెల్లూరు కేంద్రాల్లో 6,799 మంది శిశువులపై దీన్ని పరీక్షించారు. 2014లో వెలువడిన ఫలితాల ప్రకారం, తీవ్రమైన రోటావైరస్ విరేచనాలను ఇది మొదటి ఏడాదిలో 56 శాతం మేర తగ్గించింది. 2016లో ఆంధ్రప్రదేశ్, ఒడిశా, హర్యానా, హిమాచల్ ప్రదేశ్‌లలో రోటావైరస్ టీకాను సార్వత్రిక కార్యక్రమంలో చేర్చారు. తర్వాత అది దేశమంతటికీ విస్తరించింది.

56 శాతం తక్కువ కదా అనిపించవచ్చు. అయితే ఇది ఈ ఒక్క టీకాకు పరిమితమైన విషయం కాదు. ఐరోపా దేశాల్లో 85 శాతానికి మించి రక్షణ ఇచ్చిన మరో రోటావైరస్ టీకా, ఆఫ్రికాలోని మలావిలో సుమారు 49 శాతమే ఇచ్చింది. మందు మారలేదు. దాన్ని తీసుకున్న పిల్లలు పెరుగుతున్న పరిస్థితులు మారాయి.

పోలియో చుక్కల విషయంలోనూ ఇదే జరిగింది. మూడు రకాల పోలియో వైరస్‌లున్న చుక్కల మందు ఒక్కో మోతాదు, టైప్-1 పోలియో నుంచి ఉత్తరప్రదేశ్ పిల్లలకు సుమారు 9 శాతం రక్షణే ఇచ్చినట్లు 2006లో వచ్చిన ఒక విశ్లేషణ తేల్చింది. అదే దేశంలోని ఇతర ప్రాంతాల్లో ఆ రక్షణ దాదాపు 21 శాతం. కిక్కిరిసిన ఇళ్లు, పారిశుద్ధ్య లోపం, తరచూ వచ్చే విరేచనాలు ఇందుకు కారణాలని పరిశోధకులు భావించారు.

పేగుల్లో ఏం జరుగుతుంది?

చుక్కల టీకాల్లో బలహీనపరిచిన సజీవ వైరస్ ఉంటుంది. అది పేగు గోడలోని కణాల్లో కొంత పెరిగితేనే రోగనిరోధక వ్యవస్థ దాన్ని గుర్తించి యాంటీబాడీలు తయారు చేస్తుంది. కలుషితమైన నీరు, పరిసరాల వల్ల పసిపిల్లల పేగుల్లోకి సూక్ష్మజీవులు పదేపదే చేరుతుంటే అక్కడ నిరంతరం స్వల్పంగా వాపు ఉంటుంది. పోషకాలను పీల్చుకునే వేళ్లలాంటి నిర్మాణాలు పొట్టిబారతాయి. అలాంటి చోట టీకా వైరస్‌కు నిలదొక్కుకునే అవకాశం తగ్గుతుంది. అప్పటికే ఇతర వైరస్‌లు పేగుల్లో తిష్ట వేసి ఉంటే టీకా వాటితో పోటీ పడాల్సి వస్తుంది.

తల్లి నుంచి వచ్చే రక్షణ కూడా లెక్కలోకి వస్తుంది. గర్భంలో ఉండగానే, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, తల్లి యాంటీబాడీలు మాయ ద్వారా బిడ్డకు చేరతాయి. పుట్టిన తొలి నెలల్లో బిడ్డను కాపాడేది అవే. కానీ అవి ఎక్కువగా ఉన్నప్పుడు టీకా వైరస్‌ను కూడా అణచివేస్తాయి. మీజిల్స్ టీకాను తొమ్మిది నెలల వరకు ఆపడానికి ఇదొక ముఖ్య కారణం. వెల్లూరు, మలావి, బ్రిటన్‌లోని లివర్‌పూల్ శిశువులను పోల్చిన అధ్యయనంలో, తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఎక్కువగా ఉన్న శిశువుల్లో రోటావైరస్ టీకాకు స్పందన తగ్గినట్లు తేలింది.

తల్లిపాలు అడ్డుపడతాయేమోనని కూడా పరీక్షించారు. టీకా వేసే ముందూ తర్వాతా కాసేపు పాలు ఆపి చూశారు. స్పందన పెరగలేదు. కాబట్టి టీకా కోసం పాలు మాన్పించాల్సిన అవసరం లేదు. వెల్లూరులో మరో పరిశోధనలో పోలియో చుక్కలకు ముందు అజిత్రోమైసిన్ ఇచ్చారు. పేగుల్లో హానికర బ్యాక్టీరియా, వాపు తగ్గాయి కానీ టీకా స్పందన మెరుగుపడలేదు. ఏళ్ల తరబడి పరిసరాలు కలిగించిన మార్పును ఒక మాత్ర సరిచేయలేదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

సూది టీకాల తీరు వేరు

ఇంజెక్షన్ రూపంలో ఇచ్చే టీకాలకు పేగులతో పని లేదు. అందుకే ఒక మోస్తరు పోషకాహార లోపం ఉన్న పిల్లల్లోనూ అవి చాలావరకు బాగానే పనిచేస్తాయి. అయినా ఆరోగ్య స్థితి ప్రభావం పూర్తిగా లేదనలేం. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు తల్లి నుంచి అందే యాంటీబాడీలు తక్కువ. కొన్ని టీకాలకు స్పందనా కాస్త తక్కువే. అలాంటి బిడ్డకు జబ్బు ముప్పు ఎక్కువ కాబట్టి టీకాలు ఆలస్యం చేయకుండా, పుట్టిన తేదీ నుంచే వయసు లెక్కించి వేయడం మేలు. టీకా వేసే సమయానికి ఐరన్ లోపంతో రక్తహీనత ఉన్న శిశువుల్లో కొన్ని టీకాలకు యాంటీబాడీలు తక్కువగా తయారైనట్లు కెన్యాలో జరిగిన పరిశోధన చూపింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉంది. గర్భిణికి అందే ఐరన్ మాత్రలు, బిడ్డకు అందే ఐరన్ చుక్కలు టీకాకూ తోడ్పడవచ్చని ఇలాంటి ఫలితాలు సూచిస్తున్నాయి.

నికోబార్ అనుభవం

సామాజిక పరిస్థితులు ఎక్కువగా పనిచేసేది సమయం విషయంలోనే. హెపటైటిస్-బి ఉన్న తల్లి నుంచి పుట్టినప్పుడే వైరస్ సోకిన శిశువుల్లో దాదాపు 90 శాతం మందికి అది దీర్ఘకాలిక జబ్బుగా మిగిలిపోతుంది. తొలి మోతాదును 24 గంటల్లోపు ఇవ్వాలనడం అందుకే. ఆసుపత్రిలో కాన్పు జరిగితే ఇది తేలిక. పడవలో దీవి దాటి రావాల్సిన కుటుంబానికి ఆ ఒక్క రోజు చేజారిపోవచ్చు. టీకాలను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఓడల మీద దీవులకు చేర్చడమూ ఇందులో భాగమే. హెపటైటిస్-బి, పెంటావాలెంట్ టీకాలు గడ్డకడితే పనికిరావు.

నికోబారీ తెగలో హెపటైటిస్-బి చాలా ఎక్కువని పోర్ట్ బ్లెయిర్‌లోని ఐసీఎంఆర్ ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు గుర్తించారు. 2000లో కార్ నికోబార్‌లోని రెండు గ్రామాల్లో టీకాలు వేశారు. పదేళ్ల తర్వాత పరిశీలిస్తే, టీకా పొందినవారిలో ఎక్కువమందికి రక్షణ ఇంకా నిలిచే ఉంది. మధ్యలో 2004 సునామీ వచ్చిపోయినా ఆ రక్షణ చెక్కుచెదరలేదు. మారుమూల దీవిలోనైనా సరైన టీకా చేరితే శరీరం స్పందిస్తుందనడానికి ఇది ఉదాహరణ.

తక్కువ శాతం, ఎక్కువ మేలు

ఒక ఊహా లెక్క చూద్దాం. ఒక ఊళ్లో వెయ్యి మంది శిశువుల్లో ఇద్దరికే తీవ్ర విరేచనాలు వస్తాయనుకుంటే, 95 శాతం రక్షణ ఇచ్చే టీకా సుమారు ఇద్దరిని కాపాడుతుంది. ఇంకో ఊళ్లో వెయ్యికి ముప్పై మందికి వస్తాయనుకుంటే, 56 శాతం రక్షణ ఇచ్చే టీకా దాదాపు పదిహేడు మందిని కాపాడుతుంది. స్పందన తక్కువగా ఉండే చోటే జబ్బు ఎక్కువ కాబట్టి, అక్కడే టీకా అవసరమూ ఎక్కువ.

పోలియో విషయంలో దేశం చేసింది ఇదే. స్పందన తక్కువని తెలిశాక చుక్కలు ఆపలేదు. మరింత సమర్థమైన ఒక రకం, రెండు రకాల వైరస్‌లున్న మందులకు మారి, ఇంటింటికీ తిరిగి మళ్లీ మళ్లీ వేశారు. 2011 జనవరి 13 తర్వాత దేశంలో సహజ పోలియో వైరస్ కేసు నమోదు కాలేదు. 2014 మార్చి 27న పోలియో రహిత ధ్రువీకరణ లభించింది.

తల్లిదండ్రులు గుర్తుంచుకోవాల్సింది కొంతే. అన్ని మోతాదులూ వేయిస్తేనే రక్షణ పూర్తవుతుంది. ఒకటి తప్పిపోతే మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. మిగిలినవి ఎప్పుడు వేయించాలో ఏఎన్‌ఎం చెబుతారు. మామూలు జలుబు ఉందని వాయిదా వేయాల్సిన పని లేదు. తల్లిపాలు, శుభ్రమైన నీరు, మరుగుదొడ్డి, గర్భిణికి మంచి ఆహారం కూడా సమకూరితే టీకాకు పని సులువవుతుంది.