గుట్ట మీది జలపాతానికి వెళ్ళేవారికి



వానలు నాలుగు పడగానే మా ఓపీలో ఒక ప్రశ్న మొదలవుతుంది. "పిల్లలు జలపాతం చూద్దామంటున్నారు, నాకు షుగర్ ఉన్నది, పోవచ్చునా?" అని. చాలామంది పోవచ్చు. అయితే ఎలా పోవాలో ముందుగా ఆలోచించుకోవాలి.

మన చందుర్తి వైపు మెట్ట ప్రాంతం. ఇక్కడి గుట్టల జలపాతాలు ఏడాదంతా పారేవి కావు. సైదాపూర్ మండలంలోని రాయికల్ జలపాతమైనా (జగిత్యాల దగ్గరి రాయికల్ కాదు, దారి అడిగేటప్పుడు జాగ్రత్త), పెద్దపల్లి దగ్గర సబ్బితం గౌరీగుండాలైనా వాన నీటి మీదే ఆధారం. జూలై నుండి సెప్టెంబరు వరకు చూడదగ్గవి, ఎండాకాలంలో వట్టి బండలే. పెద్ద వాన వెలిసిన మరునాడో, ఆ పై రోజో వెళ్ళడం మేలు. వాన పడుతున్న రోజున వెళ్ళకండి. మీరు నిలబడ్డ చోట ఎండ కాస్తున్నా, గుట్ట పైన వాన పడితే నీరు నిమిషాల్లో పెరుగుతుంది. నీరు ఎర్రబారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు మారినా వెంటనే ఒడ్డెక్కి ఎత్తైన చోటికి చేరండి. సామాను కోసం ఆగవద్దు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది బండలపై నిలబడి ఉన్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది ప్రాణాలు కోల్పోయారు. అక్కడ నీరు వచ్చింది వాన వల్ల కాదు, పైన లార్జి డ్యామ్ నుండి వదలడం వల్ల. కానీ కింద ఉన్నవారికి తెలిసే వ్యవధి లేకపోవడం రెండు చోట్లా ఒకటే.

వేములవాడ, కరీంనగర్ మీదుగా రాయికల్ చేరాలంటే పొద్దున ఆరింటికే బయలుదేరాలి. ఆ తర్వాత బండల మీద ఎక్కడం ఉంటుంది. చెప్పులతో వద్దు, పట్టు ఉండే బూట్లు వేసుకోండి. పచ్చగా పాకుడు పట్టిన బండ మీద కాలు పెట్టవద్దు. సెల్ఫీ కోసం అంచుకు వెళ్ళడం గురించి యవనస్థులకు ఎంత చెప్పినా తక్కువే.

ఇక నీళ్ళ సంగతి. వానాకాలమే కదా, దాహం కాదు అనుకుంటారు. ఉక్కపోతలో చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. మనిషికి కనీసం మూడు లీటర్లు వెంట ఉండాలి. జలపాతం నీరు చూడటానికి తేటగా ఉన్నా తాగవద్దు. పైన పశువులు మేస్తాయి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు సంచిలో వేసుకోండి. లేకపోతే ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి (టీ చెంచా, తల కొట్టి కొలవాలి). మా అక్కలకు, అమ్మలకు ప్రత్యేకంగా ఒక మాట. దారిలో మరుగు దొరకదని పొద్దుటి నుండి నీళ్ళు తాగకుండా ఉండేవారు చాలామంది. దీనివల్ల కళ్ళు తిరిగి పడటం, మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్ వస్తాయి. బయలుదేరే ముందే దారిలో ఎక్కడ ఆగాలో మగవారు అడిగి తెలుసుకోవాలి. ఇది వారి పనే.

షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు సద్ది తినే వేళ తప్పవద్దు. నడకకు షుగర్ పడిపోతుంది. వణుకు, చెమట, తికమక కనిపిస్తే వెంటనే గ్లూకోజ్ పొడి గానీ నాలుగు చెంచాల చక్కెర గానీ నీటిలో కలిపి తాగించాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకండి. ఇన్సులిన్‌ను బండి డిక్కీలో ఉంచితే పాడవుతుంది. మూర్ఛ ఉన్నవారు నీటిలో దిగనేకూడదు. గుండె జబ్బు ఉన్నవారు, నిండు గర్భిణులు కిందనే కూర్చుని చూడవచ్చు. సద్దికి పులిహోర మంచిది. కోడికూర మధ్యాహ్నానికే పులిసిపోతుంది.

గుండంలో ఈత వద్దు. లోతు తెలియదు, అడుగున బండలుంటాయి. ఎవరైనా మునిగితే వెనుకనే దూకకండి. చీర, తాడు, ఖాళీ క్యాను, ఏదైనా విసరండి. ఒడ్డుకు తెచ్చాక కడుపు నొక్కడం, తలకిందులుగా తిప్పడం చేయకండి, కాలం వృథా. ఊపిరి లేకపోతే ముందు నోటితో గాలి ఊది, ఆపై ఛాతీ మధ్యన 30 సార్లు నొక్కి, రెండు సార్లు గాలి ఊదుతూ ఉండాలి. 108కి ఫోన్ చేయండి. గుట్టల్లో సిగ్నల్ ఎక్కడ అందుతుందో ఎక్కేటప్పుడే చూసుకోండి.

పాము కరిస్తే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టడం వద్దు. కరిచిన కాలును కదలకుండా కర్రతో బద్ద కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకురండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, నాలుగింటికీ ఒకే మందు ఆసుపత్రిలో ఇస్తారు కాబట్టి పామును చంపి తేనక్కరలేదు. రాయికల్ వెళ్ళేవారికి హుజూరాబాద్‌లో ఏరియా ఆసుపత్రి ఉంది. మంత్రానికి తీసుకుపోయి గంటలు పోగొట్టవద్దు.

సాయంత్రం నాలుగింటికల్లా దిగడం మొదలుపెట్టండి. ఇంటికొచ్చిన మూడు వారాల్లోపు జ్వరం, గట్టి తలనొప్పి, పిక్కల నొప్పి వస్తే ఆసుపత్రికి వచ్చి, గుట్టకు వెళ్ళిన సంగతి మొదటే చెప్పండి. చంకల్లో, నడుము దగ్గర నల్లటి పక్కు లాంటిది ఉంటే చూపించండి. పొదల్లోని చిన్న పురుగు కాటు వల్ల వచ్చే జ్వరానికి అది గుర్తు. దానికి మందు ఉంది.