ఆదోని హబ్షీలు, ఏసీ గార్డ్స్ మనవలు

ఆదోని అంటే పత్తి. మార్కెట్ యార్డుకు బండ్లు బారులు తీరే రోజుల్లో ఊళ్ళో ఇంకో మాట వినిపించదు. ఆ సందడి దాటి పాత ఊళ్ళోకి నడిస్తే షాహీ జామియా మసీదు కనిపిస్తుంది. కట్టించినవాడు సిద్దీ మసూద్ ఖాన్. నవాబు అనే చెబుతారు గానీ, ఆయన ఆఫ్రికా మూలాలున్న హబ్షీ, అంటే సిద్దీ, అన్న సంగతి మాత్రం ఎవరో అడిగితే తప్ప మాటల్లోకి రాదు.

తల్లికోట యుద్ధం తర్వాత, 1568లో ఆదోని కోట బీజాపూర్ సుల్తానుల చేతికి చిక్కింది. వాళ్ళ తరఫున ఇక్కడ ఏలినవాళ్ళలో హబ్షీలు ఒక్కరిద్దరు కాదు. మలిక్ రహమాన్ ఖాన్ 39 ఏళ్ళు ఏలాడని పాత గెజిటీర్లు రాశాయి. ఆయన సమాధి కోట కొండ మీదే ఉంది. 1660లో పన్హాలా కోటలో శివాజీని నెలల తరబడి దిగ్బంధించిన సిద్దీ జౌహర్ మన కర్నూలు పాలకుడే. శివాజీ తప్పించుకున్న రాత్రి వెంటబడి తరిమింది జౌహర్ అల్లుడు మసూద్. ఆ మసూదే 1678లో బాలుడైన సికందర్ ఆదిల్‌షా పేరిట బీజాపూర్ రాజ్యభారం మోశాడు. కొలువు కుట్రలతో విసిగి, 1683లో పదవి వదిలేసి ఆదోని చేరుకున్నాడు. చిత్రకారులను పోషించాడు. దక్కనీ చిత్రకళ గురించి రాసే పండితులు ఆదోనిని విడిగా ప్రస్తావించడం ఆయన చలవే.

1688లో ఔరంగజేబు సేనాని ఫిరోజ్ జంగ్ కోటను ముట్టడించాడు. మొఘలులు ఫిరంగులను మసీదు వైపు తిప్పేసరికి, ప్రాణంగా చూసుకున్న కట్టడం కూలడం చూడలేక మసూద్ లొంగిపోయాడని ఒక కథ. నిజానిజాలు ఎలా ఉన్నా, ఆదోని వాళ్ళకు ఇష్టమైన కథ ఇది. నాకు ఆసక్తి కలిగించింది ఇంకో విషయం. కోటను గెలిచిన ఫిరోజ్ జంగ్ కొడుకే తర్వాత హైదరాబాద్ మొదటి నిజాం. ఆ వంశం కొలువులోనే దాదాపు రెండు వందల ఏళ్ళ తర్వాత ఆఫ్రికా సంతతి సైనికులు మళ్ళీ కనిపిస్తారు, ఈసారి పాలకులుగా కాదు, అంగరక్షకులుగా.

వాళ్ళది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. వనపర్తి సంస్థానం నుంచి నిజాం కొలువుకు వచ్చిన దళం. మాసబ్ ట్యాంక్ పక్కన వాళ్ళ నివాసాలే ఇవాళ్టి ఏసీ గార్డ్స్. సంస్థానం పోయింది, దళం రద్దయింది, ఉద్యోగాలు పోయాయి. పేరు మాత్రం సిటీ బస్సుల మీద మిగిలింది. హైదరాబాద్ పెళ్ళి ఊరేగింపుల్లో మోగే మర్ఫా వాళ్ళు నిలబెట్టిన వాద్యమే. పెళ్ళికి పిలిచి వాయించుకునే నగరం వాళ్ళ పిల్లల చదువు గురించి పెద్దగా అడిగింది లేదు.

నగరం అడగని ఆ ప్రశ్న గురించి ప్రపంచం మాత్రం ఒక మాట రాసుకుంది. 1986 డిసెంబర్ 4న ఐక్యరాజ్యసమితి అభివృద్ధి హక్కు ప్రకటనను ఆమోదించింది. మనిషి అభివృద్ధిని అందుకునేవాడు మాత్రమే కాదు, అందులో పాలుపంచుకునే హక్కున్నవాడని దాని సారం. ఆఫ్రికా సంతతి వారి కోసం 2015 నుంచి 2024 దాకా ఒక అంతర్జాతీయ దశాబ్దం నడిచింది. గుర్తింపు, న్యాయం, అభివృద్ధి దాని మూడు మాటలు. 2025తో రెండో దశాబ్దం మొదలైంది. ఈ మాటలు న్యూయార్క్ నుంచి మన దాకా వచ్చేసరికి ఒక కాగితం రూపం తీసుకుంటాయి. దాని పేరు కుల ధ్రువీకరణ పత్రం.

కర్ణాటక ఉత్తర కన్నడ జిల్లా సిద్దీలకు ఎస్టీ హోదా 2003లో వచ్చింది. 2020లో ఆ సముదాయానికి చెందిన శాంతారామ్ సిద్దీ రాష్ట్ర శాసన మండలికి నామినేట్ అయ్యారు. హైదరాబాద్ సిద్దీలు ఎస్టీ జాబితాలో లేరు. మూలం ఒకటే అయినా, తాతలను ఏ ఓడ ఏ రేవులో దించిందో, ఏ రాజు కొలువుకు చేర్చిందో దాన్నిబట్టి మనవడి స్కాలర్‌షిప్ మారిపోతోంది.

ఈ చిక్కు ఆదోని వాళ్ళకు విడమరచి చెప్పనక్కర్లేదు. ఇక్కడి బోయలు బీసీలు. ఆలూరు దాటి బళ్ళారి వైపు వెళ్తే, పిల్లనిచ్చి పుచ్చుకునే చుట్టాలే ఎస్టీలు. 2020లో పార్లమెంటు చేసిన ఒకే చట్టం కర్ణాటకలో బోయలకు దగ్గరి తలవార, పరివార వర్గాలనూ, బెళగావి, ధార్వాడ జిల్లాల సిద్దీలనూ కలిపి ఎస్టీ జాబితాలో చేర్చింది. మసూద్ ఏలిన గడ్డ మీద పక్కపక్కన బతికినవాళ్ళు అలా ఒకే గెజిట్ పేజీలో చేరారు, హద్దుకు అవతలి వైపు.

ఇవతల ఉన్నది సుగ్గి, అంటే పనుల కోసం వలస. పంట పనులు ముగిశాక కోసిగి, మంత్రాలయం, ఆదోని పల్లెల్లో ఇళ్ళకు తాళాలు పడతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు కుటుంబాలకు కుటుంబాలే వెళ్తాయి, బడి పిల్లలతో సహా. అభివృద్ధిలో పాలుపంచుకోవడం అంటే ఏమిటో ఈ ప్రాంతానికి తెలియక కాదు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టి, మగ్గం మీద కూర్చున్నవాడికే సంఘంలో వాటా ఇచ్చారు. ఆ ఊరు నేత గుడ్డకు పేరు మోసింది అలాగే. ఐక్యరాజ్యసమితి ఆ మాట అనడానికి దాదాపు అర్ధ శతాబ్దం ముందు సంగతిది.

మసూద్ ఖాన్ వైభవం చూపించి హబ్షీలకు మన దగ్గర ఏం తక్కువైందని వాదించేవాళ్ళు ఉంటారు. ఆయనకు దొరికింది సుల్తాను దయ. అది ఆయనతోనే పోయింది. రాజు దయ వారసత్వంగా రాదు, చట్టంలో రాసుకున్నదే వస్తుంది. రాసుకోవాలంటే రాష్ట్రం సిఫారసు చేయాలి, రిజిస్ట్రార్ జనరల్, జాతీయ ఎస్టీ కమిషన్ ఒప్పుకోవాలి, ఆపైన పార్లమెంటు. బోయల కోసం ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2017లో ఒకసారి, 2023లో మరోసారి తీర్మానం చేసింది. కర్నూలు, అనంతపురం నియోజకవర్గాల్లో వాళ్ళ ఓట్లు లెక్కకొస్తాయి కాబట్టి ఆ మాటైనా సభ దాకా వచ్చింది. ఏసీ గార్డ్స్ సిద్దీలకు ఒక్క అసెంబ్లీ స్థానాన్నైనా అటూ ఇటూ చేసేటన్ని ఓట్లు లేవు.