బిల్డ్ ఆగిపోతే షెల్‌నూ అనుమానించండి

2006 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 6.10 ఒక చిన్న మార్పు చేసింది. అప్పటిదాకా /బిన్/ఎస్‌హెచ్ అని పిలిస్తే బ్యాష్ పలికేది. ఆ విడుదల నుంచి డ్యాష్ పలకడం మొదలైంది. 2011లో విడుదలైన డెబియన్ 6.0 కూడా అదే దారి పట్టింది. బ్యాష్‌కే అలవాటుపడిన ఎన్నో బిల్డ్ స్క్రిప్టులు కొత్త యంత్రాల్లో మొరాయించాయి. ఆ తలనొప్పి ఇప్పటికీ పూర్తిగా తీరలేదు.

మనం ఇచ్చే ఆదేశాన్ని చదివి, దాన్ని అమలు చేయించే ప్రోగ్రామే షెల్. 1979 నాటి ఏడో వెర్షన్ యూనిక్స్‌తో స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ బయటికొచ్చింది. దానికి బదులుగా వాడుకునేలా, మరెన్నో సదుపాయాలతో బ్రయాన్ ఫాక్స్ 1989లో బ్యాష్ విడుదల చేశారు. కెన్నెత్ ఆల్మ్‌క్విస్ట్ రాసిన ఆష్ నుంచి పుట్టింది డ్యాష్. దీనికి హంగులు తక్కువ, వేగం ఎక్కువ. సిస్టమ్ లేచేటప్పుడు అప్పట్లో షెల్ స్క్రిప్టులు వరసగా నడిచేవి కాబట్టి ఆ వేగం ఎంతో కలిసొచ్చింది.

కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. ఉబుంటులో టెర్మినల్ తెరిస్తే కనిపించేది ఇప్పటికీ బ్యాషే. అక్కడ టైపు చేస్తే చక్కగా పనిచేసిన ఆదేశం, మేక్‌ఫైల్‌లో పెట్టగానే విఫలమవుతుంది. వాడుకరి ఏ షెల్ ఎంచుకున్నారో ఆ ఫైలును నడిపే మేక్ ప్రోగ్రామ్ పట్టించుకోదు, నేరుగా /బిన్/ఎస్‌హెచ్‌ను పిలుస్తుంది. అందుకే లాగిన్ షెల్ మార్చి చూసినా ఫలితం ఉండదు.

'సోర్స్' ఆదేశం దొరకలేదనో, బ్రాకెట్ ఉండకూడని చోట ఉందనో డ్యాష్ ఎర్రర్ చూపించి ఆగిపోతే మేలే. లోపం ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది. నిజంగా భయపడాల్సింది ఆగకుండా సాగిపోయే తప్పులకు. ఒంటి బ్రాకెట్ల మధ్య == రాస్తే డ్యాష్ చిన్న హెచ్చరిక చూపించి, ఆ షరతు నెరవేరలేదని లెక్కేసుకుని ముందుకెళ్తుంది. 'ఎకో -ఇ' అని రాస్తే ఆ '-ఇ' కూడా ఫైల్లోకి చేరిపోతుంది. అన్నిటికన్నా ప్రమాదకరమైనది &> గుర్తు. బ్యాష్‌లో దాని అర్థం అవుట్‌పుట్‌నూ ఎర్రర్లనూ ఒకే ఫైలుకు పంపమని. డ్యాష్ మాత్రం ఆదేశాన్ని బ్యాక్‌గ్రౌండ్‌లోకి నెట్టి, ఆ ఫైలును ఖాళీ చేసి, పని ముగిసేదాకా ఆగకుండా తర్వాతి వరుసకు వెళ్లిపోతుంది. సగం తయారైన ఫైళ్లతో బిల్డ్ కొనసాగుతుంది!

చాలామంది చేసే పని /బిన్/ఎస్‌హెచ్‌ను మళ్లీ బ్యాష్‌కు తిప్పేయడం. లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్ లాంటి ప్రాజెక్టు తన నియమాల్లోనే అలా అడుగుతుంది, అక్కడ తప్పదు. మామూలు ప్రాజెక్టుకు మాత్రం ఇది మంచి పద్ధతి కాదు. లోపం స్క్రిప్టులోనే దాగి ఉండి, తోటి ఉద్యోగి కంప్యూటర్లోనో డాకర్ ఇమేజ్‌లోనో మళ్లీ తలెత్తుతుంది. ఆల్పైన్ లినక్స్ ఇమేజ్‌లోనైతే బ్యాష్‌ను విడిగా ఇన్‌స్టాల్ చేసుకుంటే తప్ప ఉండనే ఉండదు.

సరిచేయాల్సింది స్క్రిప్టును. బ్యాష్ కావాలనుకుంటే మొదటి వరుసలోనే #!/బిన్/బ్యాష్ అని చెప్పాలి. ఆ వరుస ఉన్నా, స్క్రిప్టు పేరుకు ముందు 'ఎస్‌హెచ్' అని టైపు చేసి నడిపితే అది లెక్కలోకి రాదు. ఎన్నో ఇన్‌స్టాలేషన్ సూచనల్లో కనిపించే పొరపాటు ఇదే. మేక్‌ఫైల్లో అయితే 'షెల్' అనే వేరియబుల్‌కు బ్యాష్ దారి ఇస్తే చాలు. డాకర్‌ఫైల్లోనూ అదే పేరుతో ఒక ఆదేశం ఉంది.

ఎక్కడైనా నడవాలంటే స్క్రిప్టును సాదా ఎస్‌హెచ్‌లోనే రాయాలి. డెబియన్‌వారి చెక్‌బ్యాషిజమ్స్, ఇంకా షెల్‌చెక్ అనే పరికరం తేడాలున్న వరుసలను పట్టిచ్చేస్తాయి. చాలాసార్లు దిద్దాల్సింది కొంచెమే: == బదులు =, 'సోర్స్' బదులు ఒక చుక్క, 'ఎకో -ఇ' బదులు 'ప్రింట్ఎఫ్', &> బదులు ఫైలు పేరు తర్వాత 2>&1.