సంతకు సంచి ఎందుకు తీసుకెళ్లాలి?

దేవనకొండ సంతలో అరకిలో టమాటాలు, పావుకిలో పచ్చిమిరపకాయలు కొంటే రెండు పలుచని కవర్లు వస్తాయి. ఇల్లు చేరగానే వాటి పని అయిపోతుంది. ఆ తర్వాత?

కవర్ ఎందుకు వద్దు?
అది పాలిథీన్. ఎండకు పెళుసెక్కి ముక్కలవుతుందే కానీ మట్టిలో కలిసిపోదు. కూరగాయల తొక్కలు అందులో కట్టి పారేస్తే, ఆవులు కవర్‌తో సహా మింగేస్తాయి. ఆవు పొట్టలో నాలుగు గదులుంటాయి. అరగని కవర్లు మొదటి గదిలో పేరుకుంటే ఆవు మేత మానేస్తుంది, ప్రాణం కూడా పోవచ్చు. 120 మైక్రాన్లకన్నా పలుచని ప్లాస్టిక్ క్యారీబ్యాగులను 2022 డిసెంబర్ 31 నుంచి దేశమంతటా నిషేధించారు.

ఏ సంచి మంచిది?
ఇంట్లో ఉన్నదే! ఆదోని మార్కెట్ పత్తికి, ఎమ్మిగనూరు చేనేతకు పేరుపొందాయి కదా, కొత్త నూలు సంచి కొందామనిపించవచ్చు. అయితే పత్తి పండాలంటే నీళ్లు, ఎరువులు కావాలి. మిల్లులో నూలు వడకాలంటే కరెంటు కావాలి. అందుకే ఒక్కసారి వాడి పారేసే కవర్‌కన్నా కొత్త నూలు సంచి వల్ల భూమి తక్కువ వేడెక్కాలంటే, దాన్ని 131 సార్లు వాడాలని ఇంగ్లండ్ పర్యావరణ సంస్థ 2011లో లెక్కగట్టింది. వారానికి రెండుసార్లు వాడితే ఏడాది పైచిలుకు!

ఇంట్లో సంచి లేకపోతే ఎలా కుట్టాలి?
పాత ప్యాంటు కాలిని మోకాలి దగ్గర కత్తిరించండి. ఒక వైపు అంచును రెండు వరుసలు కుట్టి మూసేయండి. మిగిలిన గుడ్డతో పిడులు వేయండి. తలుపు పక్క మేకుకు తగిలించండి. అంగట్లో కవర్ తీయకముందే చెప్పండి: "అన్నా, సంచి తెచ్చినా, దీంట్లో పొయ్యి."