తొట్టి ఇంటిలో వైఫై

వాల్మీకిపురంలోనూ, మదనపల్లె వైపు పల్లెలలోనూ పాతకాలపు పెద్ద ఇండ్లు నేటికీ కొన్ని నిలిచి ఉన్నవి. రాతిని మట్టితో పేర్చి లేపిన మూరెడు మందం గోడలు, వీధివైపు అరుగు, దాని వెనుక పడసాల, నడుమ ఆకాశానికి తెరచి ఉన్న తొట్టి, తొట్టి చుట్టూ వసారాలు, వాటికి ఆవల వంటిల్లు, చిట్టచివర పెరటివైపు ఒకటి రెండు గదులు. ఇదీ వాటి వరుస. ఎండాకాలంలో ఈ గోడలు చేసే మేలు అందులో నివసించేవారికే తెలుసు. అయితే ఇంటికి వైఫై పెట్టించుకొన్న తరువాత ఆ గోడలే ఒక చిక్కు తెచ్చిపెట్టాయి. పడసాలలో కూర్చుంటే ఫోనులోని పాఠం స్పష్టంగా వినవస్తుంది. పెరటి గదిలో అదే పాఠం వింటే ఉపన్యాసకుని పెదవులు కదులుతాయి గాని మాట వినిపించదు.

ఈ చిక్కు ఎవరి మీద పడుతున్నదో కూడా గమనించవలసి ఉన్నది. పడసాల ఇంటి పెద్దలది, వచ్చిపోయేవారిది. ఆడపిల్లలు చదువుకొనే చోటు పెరటి గది. 2020లో కళాశాలలు మూతపడి పాఠాలన్నీ ఫోనులోనికి చేరినప్పుడు, తరగతికి అందని మా విద్యార్థినులలో కొందరికి ఇంట్లో వైఫై లేక కాదు, అది తమ గదికి చేరక పాఠం పోయింది. కళాశాలలు తెరచి ఏండ్లు గడిచినా, ఉపకారవేతనపు దరఖాస్తు మొదలుకొని పరీక్షా ఫలితం దాకా అన్నీ ఫోనుమీదనే నడుస్తున్నందున విషయం పాతబడలేదు.

మొదట పెట్టె వీధి గదిలోనే ఎందుకు ఉంటుందో చూద్దాము. ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్‌ను 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయల పథకం ఆనాటిదే. ఆ గాజుతీగను నేలలో పాతుకొంటూ పోక, విద్యుత్ స్తంభాల మీదుగా ఊరూరికీ లాగారు. స్తంభం వీధిలో ఉంటుంది. తీగ వీధి కిటికీలోనుండి లోపలికి వస్తుంది. అది ఎక్కడ ఆగితే అక్కడే గోడకు పెట్టెను బిగిస్తారు. స్తంభాల మీదుగా వచ్చే తక్కిన కంపెనీల తీగలదీ ఇదే దారి. బిగించేవారికి అది సులువు, ఇంటివారు కూడా అభ్యంతరం చెప్పరు. ఫలితంగా పెట్టెనుండి వెలువడే తరంగాలలో పెద్ద భాగం వీధిపాలవుతుంది.

ఇక గోడ సంగతి. గోడను దాటడం ఈ తరంగాలకు అసాధ్యం కాదు. 1890 దశకంలోనే కలకత్తాలో జగదీశ్ చంద్ర బోసు విద్యుదయస్కాంత తరంగాలను గోడ దాటించి ఆవలనున్న గంటను మ్రోగించి చూపాడు. కాని దాటిన ప్రతి గోడకూ తరంగం సుంకం చెల్లించవలసి ఉంటుంది. ఇండ్లలోని వైఫై ముఖ్యంగా రెండు పౌనఃపున్యాల మీద పనిచేస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్‌ది సుమారు 12.5 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం, 5 గిగాహెర్ట్జ్‌ది సుమారు 6 సెంటీమీటర్లు. రెండవదానికి వేగం హెచ్చు, కాని గోడల ముందు త్వరగా నీరసిస్తుంది. నీరు ఈ తరంగాల శక్తిని మిక్కిలిగా శోషిస్తుంది గనుక వానకు తేమపట్టిన మట్టి గోడ పొడి గోడకంటె కఠినం. లోహం దాదాపుగా దాటనీయదు, పరావర్తనం చేస్తుంది. ఇనుప బీరువా, ఫ్రిజ్, వెనుక పూతగల నిలువుటద్దం అన్నీ ఈ కోవకే చెందుతాయి. కిటికీకి కొట్టిన ఇనుప దోమల జాలిని ఎవరూ అనుమానించరు. గాలీ వెలుతురూ వస్తున్నవి గదా అనుకొంటారు. జాలి కంతలు తరంగదైర్ఘ్యం కంటె ఎంతో చిన్నవి కావడం చేత తరంగం దృష్టిలో అది రేకుతో సమానం. మైక్రోవేవ్ పొయ్యి తలుపులోని జాలి లోపలి తరంగాలను బయటికి రానీయకపోవడం కూడా ఈ సూత్రం వల్లనే.

ఇవన్నీ తెలిసిన తరువాత పెట్టెకు తగిన చోటేదో ఇల్లే చెబుతుంది. తొట్టిలో గోడ లేదు. పెట్టెను వీధి గోడనుండి తీసి, తొట్టికి ఎదురుగా వసారా స్తంభానికి, వానజల్లు తగలని ఎత్తులో అమర్చితే, ఎదుటి గదులకు తరంగం ఆరుబయలు గుండా సాగి, తలుపు సందునుండి లోపలికి చేరుతుంది. కొయ్య తలుపు పుచ్చుకొనే సుంకం స్వల్పం. ఇందుకు కొన్ని గజాల తీగ అదనంగా కావాలి. గాజుతీగను మడత పెట్టరాదు గనుక ఆ పని తెలిసినవారిచేతనే చేయించాలి. క్రొత్త పరికరం కొనక ముందే ఇది చేసి చూడవలెనని మా అభిప్రాయం.

మార్పు ఎంతో కొలిచి చూడవచ్చు. ఫోను మీది గీతలు చూచి తృప్తిపడరాదు. ఆండ్రాయిడ్ ఫోనులలో తరంగబలాన్ని డీబీఎం అనే ఋణ సంఖ్యలో చూపే ఉచిత ఆప్‌లు ఉన్నవి. ఇంటి పటం కాగితం మీద గీసి గదిగదికీ సంఖ్య వ్రాసుకోవాలి. మైనస్ 50 మిక్కిలి మంచిది. మైనస్ 67 వరకు దృశ్యపాఠానికి ఢోకా లేదు. మైనస్ 80 దాటితే మాట తెగుతుంది. పది మెట్లు దిగితే శక్తి పదవ వంతుకు పడినట్లు లెక్క. విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు ఇంతకంటె చౌకైన ప్రయోగం లేదు.

పెట్టె శక్తిని పెంచితే చాలదా అని కొందరు అడుగుతారు. చాలదు. ఇది రేడియో వినడం వంటిది కాదు, సంభాషణ. పెట్టె బిగ్గరగా పలికినా ఫోను బదులు చెప్పవలసి ఉన్నది, ఫోను గొంతు చిన్నది.

చోటు మార్చినా పెరటి గదికి చాలకపోతే రెండవ పెట్టె తప్పదు. బజారులో దొరికే రిపీటరును చాలామంది తరంగం అందని గదిలోనే పెట్టి, పనిచేయలేదంటారు. తనకే వినిపించనిది అది ఎట్లా తిరిగి చెబుతుంది? దానిని బలం ఇంకా మిగిలియున్న నడిమి చోట పెట్టాలి. అయినా ఒకే పౌనఃపున్యం మీద విని, తిరిగి పలికే రిపీటరు వేగాన్ని సుమారు సగానికి తగ్గిస్తుంది. అంతకంటె మొదటి పెట్టెనుండి లాన్ తీగ లాగి, దాని చివర ఒక పాత రౌటరును తగిలించడం మేలు. ఈ తీగ 100 మీటర్ల వరకు పనిచేస్తుంది. ఏ ఇంటికైనా అది చాలును. రెండవ రౌటరులో డీహెచ్‌సీపీ ఆపివేయాలి. దాని చిరునామా మొదటిదానితో కలియకుండా మార్చి, తీగను లాన్ అని వ్రాసిన రంధ్రంలోనే గుచ్చాలి. పేరు, సంకేతపదం మొదటిదానివే ఉంచాలి. 2.4 మీద ఒకటి, ఆరు, పదకొండు చానళ్లు ఒకదానితో ఒకటి కలియవు గనుక ఒక పెట్టెకు ఒకటి, రెండవదానికి ఆరో పదకొండో ఇవ్వాలి. రాగితీగను మాత్రం తొట్టికి అడ్డంగా ఆరుబయట వ్రేలాడదీయరాదు. ఉరుములు మెరుపుల దినాలలో దాని గుండా రెండు పెట్టెలూ కాలిపోయే ప్రమాదం ఉన్నది. కొంచెం చుట్టైనా వసారా దూలాల వెంట త్రిప్పి తీసుకొనిపోవాలి.