పరకాయ ప్రవేశమునకు పద్దు

శంకరాచార్యులవారు అమరుక మహారాజు దేహమున ప్రవేశించిన కాలమున, శిష్యులు ఆచార్యుల సొంత దేహమును గుహలో కాచుకొని యుండిరని పెద్దలు చెప్పుదురు. నేడు వెబ్ అప్లికేషనులను నడపువారును ఇట్టి పరకాయ ప్రవేశమునే చేయుచున్నారు.

వాడుకరి యొకడు తన ఖాతాలో లెక్క తప్పుగా కనబడుచున్నదని మొరపెట్టుకొనును. సహాయకుని తెరమీద అంతయు సరిగనే యుండును. వాడుకరి కన్నులతో చూచిన గాని లోపము తెలియదు. పాస్‌వర్డు అడుగుట తగదు. కావున, అది లేకయే ఆ వాడుకరిగా లోనికి పోవు అధికారమును సహాయకునకు కల్పింతురు. దీనిని బొత్తిగా నిషేధింపవలెనను వారితో నేను ఏకీభవింపను.

చిక్కంతయు పద్దులో నున్నది. సహాయకుడు లోనికేగి బ్యాంకు ఖాతా సంఖ్యను మార్చెననుకొనుడు. లాగ్ అను చిట్టాలో వాడుకరి పేరే పడును. పింఛను వ్యవహారమున నాకిట్లే జరిగినది. నా చిరునామాను నేనే మార్చితినని ఒక కార్యాలయపు చిట్టా చెప్పెను. ఆ దినమున నేను కంప్యూటరును ముట్టనే లేదు. చేయని పనిని చేయలేదని నిరూపించుట ఎంతటి తార్కికునకైనను దుర్ఘటము.

యూనిక్స్‌ను నిర్మించినవారు ఈ సంగతి నెరుగుదురు. అన్యుడుగా మారుటకు ‘సు’ అను ఆజ్ఞ 1971 నాటి ప్రథమ గ్రంథముననే కలదు. అందు నడచు ప్రతి ప్రక్రియకును రెండు సంఖ్యలుండును. ఒకటి నిజముగా నడపువానిది, రెండవది ఎవరి అధికారముతో నడచుచున్నదో వానిది. ఇంటర్నెట్ ఇంజనీరింగు టాస్కు ఫోర్సువారు 2020లో ప్రకటించిన 8693వ పత్రమును ఈ భేదమునే చెప్పుచున్నది. కేవలము వేషము వేసినచో ఇద్దరును ఒక్కరుగనే కనబడుదురు. ప్రతినిధిగా పోయినచో టోకెనులో ‘యాక్ట్’ అను గడియందు చేసినవాని పేరు నిలుచును. మా వ్యాకరణ భాషలో చెప్పవలెనన్న, వాడుకరి చతుర్థిలో నుండును, కర్త ప్రథమలోనే యుండును.

ఇంతటితో చాలదు. ప్రవేశమునకు కారణము వ్రాయింపవలెను, గడువు పెట్టవలెను, తెరపైన హెచ్చరిక పట్టీ కనబడవలెను. పాస్‌వర్డు మార్చుట, ధనము పంపుట ఆ వేషమున సాగరాదు. తనకంటె పై యధికారి ఖాతాలోనికి పోనీయరాదు.

ఏమరిన నేమగునో ఫేస్‌బుక్కువారు 2018లో చూచిరి. మన పుట ఇతరునకెట్లు కనబడునో చూపు ‘వ్యూ యాజ్’ సౌకర్యమున లోపముండి, ఆ యితరుని ప్రవేశ టోకెనే చూచువాని చేతికి వచ్చెను. తొలుత సుమారు 5 కోట్ల ఖాతాలనిరి. పిదప దొంగిలింపబడినవి సుమారు 3 కోట్లని తేల్చిరి.

ఇక చిట్టాను దిద్దు అధికారము సహాయకులకుండరాదు. తన ఖాతాలోనికి ఎవరు, ఎప్పుడు, ఎందులకు వచ్చిరో వాడుకరియే చూచుకొనునట్లుండవలెను. నా చిరునామా మార్చినవారెవరో నాకు నేటికిని తెలియదు.