ఎలక్ట్రాన్ తాకితే విడిపోయే అయాన్లు

కలకత్తా తూర్పు అంచున ఉన్న న్యూ టౌన్ మీద, నేలకు నూరు కిలోమీటర్లు దాటిన ఎత్తులో, సూర్యుడి ఎక్స్ కిరణాలూ అతినీలలోహిత కిరణాలూ పగలంతా గాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంటాయి. అలా ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న అణువులే ధనావేశం గల అణు అయాన్లు. అక్కడ ముఖ్యంగా ఉండేవి ఆక్సిజన్, నైట్రిక్ ఆక్సైడ్ అయాన్లు. పొద్దు గూకగానే కొత్తవి పుట్టడం దాదాపు ఆగిపోతుంది. ఉన్నవి ఎలక్ట్రాన్లతో కలిసి గబగబా తరిగిపోతాయి.

ఎందుకంత గబగబా అన్నది చాలాకాలం తేలలేదు. కలకత్తా విశ్వవిద్యాలయంలో శిశిర్ కుమార్ మిత్రా బృందం 1930ల్లో రేడియో తరంగాలను పైకి పంపి, తిరిగొచ్చిన వాటితో అయనోస్ఫియర్‌ను శోధించింది. ఆయన గ్రంథం ‘ది అప్పర్ అట్మాస్ఫియర్’ను ఆసియాటిక్ సొసైటీ 1947లో ప్రచురించింది. రేడియో కొలతలను బట్టి చూస్తే ఎలక్ట్రాన్లు మాయమయ్యే రేటు, ఒంటరి పరమాణు అయాను ఎలక్ట్రాన్‌ను పట్టి వెలుగును వదిలే రేటుకు వేల రెట్లు ఎక్కువ. బేట్స్, మాసీ అనే శాస్త్రజ్ఞులు అదే 1947లో దారి చూపారు: అణు అయాను ఎలక్ట్రాన్‌ను పట్టుకుని, మిగులు శక్తితో తానే రెండు ముక్కలవుతుంది. వెలుగును వదిలే వ్యవధి కన్నా ముక్కలయ్యే వ్యవధి ఎంతో తక్కువ. దీనికే విఘటన పునఃసంయోగం అని పేరు.

దీన్ని కొలవడంలోనే ఉంది అసలు కష్టం. ఆకాశంలో జరిగే తాకిడుల శక్తి ఎలక్ట్రాన్ వోల్ట్‌లో కొన్ని వందో వంతులే. అంత నెమ్మదైన ఎలక్ట్రాన్లు ప్రయోగశాలలో ఒక దారిన నిలవవు, చుట్టూ ఉన్న చిన్న విద్యుత్ క్షేత్రానికే పక్కకు పోతాయి. అందుకని అయాన్లనూ ఎలక్ట్రాన్లనూ రెంటినీ వేగంగానే, ఒకే దిశలో పరుగెత్తిస్తారు. 2,50,000 ఎలక్ట్రాన్ వోల్టుల హీలియం హైడ్రైడ్ అయానుకూ, సుమారు 27.4 ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్‌కూ వేగం ఒకటే. ఎలక్ట్రాన్ శక్తిని ఒక్క ఎలక్ట్రాన్ వోల్టు పెంచితే, వాటి మధ్య సాపేక్ష శక్తి 0.009 ఎలక్ట్రాన్ వోల్టులే అవుతుంది. ఇంత సూక్ష్మతను ఇంత మోటు సర్దుబాటుతో సాధించడం ఈ పద్ధతిలోని చమత్కారం.

ఇందుకు అయాన్లను ఒక వలయంలో తిప్పుతారు. తిరిగే అయాన్లు వలయంలోని ఒక భాగంలో ఎలక్ట్రాన్ పుంజంతో కలిసి సాగుతాయి. ఆ తరవాత అయాన్లు క్షేత్రానికి లొంగి వంపు తిరుగుతాయి. ఆవేశం పోయిన ముక్కలు తిన్నగా వెళ్లి గుర్తించే పరికరాన్ని తాకుతాయి. వాటిని లెక్కిస్తే, అయాన్ల సంఖ్య, ఎలక్ట్రాన్ల సాంద్రత తెలుసు గనుక రేటు వస్తుంది. మిగిలిన గాలి అణువులు కూడా కొన్ని అయాన్లను తటస్థం చేస్తాయి. అందుకే వలయంలో తీవ్ర శూన్యం ఉండాలి, ఎలక్ట్రాన్లు లేనప్పటి లెక్కను తీసివేయాలి.

ఇంకో చిక్కు వేడి. అయాను కంపిస్తూ, తిరుగుతూ ఉంటే రేటు మారిపోతుంది. మూడు హైడ్రోజన్ పరమాణువుల అయాను విషయంలో వేర్వేరు ప్రయోగాల ఫలితాలు ఎన్నో రెట్లు తేడాగా వచ్చి దశాబ్దాల వివాదమైంది. 2003లో స్వీడన్‌లోని క్రైరింగ్ వలయంలో, ముందే చల్లార్చిన అయాన్లతో చేసిన కొలత దాన్ని చాలావరకు సర్దింది. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో 35 మీటర్ల చుట్టుకొలత గల వలయాన్ని ఏకంగా 10 కెల్విన్‌కు దిగువకు చల్లబరిచారు. విశ్వంలో తొలి అణువుగా భావించే హీలియం హైడ్రైడ్‌ను 2019లో అక్కడ కొలిస్తే, చల్లని అయాను ఎలక్ట్రాన్లతో కలిసే రేటు పాత అంచనాల కన్నా బాగా తక్కువని తేలింది. అదే ఏడాది ఆ అయానును ఆకాశంలో ఎన్‌జీసీ 7027 నెబ్యులాలో గుర్తించారు.

ఇలాంటి వలయాలు ప్రపంచంలో కొద్ది చోట్లే ఉన్నాయి. కలకత్తా వాటా లెక్కల వైపు ఉంది. స్కాటిష్ చర్చ్ కాలేజీ గణిత విభాగం, లండన్ యూనివర్సిటీ కాలేజీ శాస్త్రజ్ఞులతో కలిసి ఆర్-మాట్రిక్స్ పద్ధతిలో ఈ తాకిడులను గణించింది. అయాను చుట్టూ ఒక గోళాన్ని ఊహించి, లోపల ఎలక్ట్రాన్లన్నింటి పరస్పర ప్రభావాన్నీ, బయట ఒక్క ఎలక్ట్రాన్‌నే లెక్కలోకి తీసుకోవడం ఆ పద్ధతి. వారు ఎంచుకున్న వాటిలో బెరీలియం హైడ్రైడ్ అయాను ఒకటి. జెట్ అనే ఫ్యూజన్ యంత్రం లోపలి గోడలకు బెరీలియం వాడారు గనుక దీని అవసరం పడింది. బెరీలియం విషపదార్థం, ప్రయోగశాలలో దానితో పని ప్రమాదకరం. అందువల్ల ఈ అయాను విషయంలో ఫ్యూజన్ పరిశోధకులు ప్రధానంగా గణనలనే నమ్ముకోవలసి వస్తుంది.